నీకెందుకమ్మా ఇదంతా?

నేను కథలు రాస్తానని తెలిసిన దగ్గర్నుంచీ నన్ను ఏదో ఒకటి అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. కథ గురించి అడిగినవాళ్ళు మాత్రం అరుదు. "బ్యాంకు ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, వీటన్నిటి మధ్య రాసుకునే తీరిక ఎక్కడిదండీ మీకు?" అని ఒకరు. "మీ ఆయన ఏమీ అనరా?" అని గొంతు తగ్గించి ఇంకొకరు. "కథకి ఎంతిస్తారేంటి?" అని పక్క కౌంటరులో కూర్చునే ఆవిడ. కథ అచ్చయ్యాక, "అందులో అత్తగారు మీ అత్తగారేనా?" అని వీధి వీధంతా. అందరికీ ఓపిగ్గా జవాబులు చెప్తూ వచ్చాను. చాలా ఏళ్ళు చెప్పాక గాని తట్టలేదు, వీటిలో ఏ ఒక్కటీ కథను అడిగిన ప్రశ్న కాదని. అన్నీ నన్ను అడిగినవే. నువ్వెవరివి, నువ్వు చేయాల్సిన పనులన్నీ అయిపోయాయా, ఇది నీలాంటివాళ్ళు చేసే పనేనా?

పాట నేర్చుకుంటానన్న పిల్లకీ, ఇంజనీరింగు వద్దు బొమ్మలేసుకుంటానన్న కుర్రాడికీ, మనవలు పుట్టాక నాట్యం మొదలుపెట్టిన ఆవిడకీ ఎదురయ్యేవి ఇవే. శ్రుతి కలిసిందా, బొమ్మలో నీడ సరైన వైపు పడిందా అనే దాకా ఎవరూ రారు. మనిషిని గుమ్మంలోనే ఆపేస్తారు.

అలా ఆపేవాళ్ళు శత్రువులు కారు. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మా పెద్ద మావయ్య నన్ను చూసినప్పుడల్లా అనేవాడు, "నీకెందుకమ్మా ఇదంతా? జీతమొస్తంది, పిల్లలు చదువుకుంటన్నారు, ఇంకేటి కావాల నీకు?" అని. నా డిగ్రీకి ఫీజు కట్టింది ఆయనే. బ్యాంకు పరీక్షకి విశాఖపట్నం తీసుకెళ్ళి, నేను రాసి బయటికొచ్చేదాకా గేటు దగ్గర ఎండలో నిలబడిందీ ఆయనే. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. వాళ్ళ చిన్నాన్నకి పద్యనాటకాలంటే ప్రాణం. మంచి గొంతు, మంచి ఒడ్డూ పొడుగూ. కృష్ణుడి వేషం కడితే పక్క ఊళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవారట. హార్మోనిస్టుకీ, అద్దె కిరీటాలకీ, తెరలకీ, నాటకం అయ్యాక నటులందరి భోజనాలకీ అని ఏటేటా కొంత పొలం పోయింది. చివరికి ఆ ఇంటి ఆడపిల్ల పెళ్ళికి మా తాతగారు నోటు రాసి అప్పు తేవలసి వచ్చింది. అది కళ్ళారా చూసినవాడు, మేనకోడలు కాగితాలు ముందేసుకుని కూర్చుంటే శభాష్ అనాలనుకోవడం న్యాయం కాదు. పోయేదాకా నా కథ ఒక్కటీ చదవలేదు మావయ్య. ఆ లోటు నాకుంది. కోపం మాత్రం లేదు.

అయినా ఆయన మాట నేను వినలేదు. అందులో మా ఊరి పాత్ర ఉంది.

మాది విజయనగరం. ఇక్కడ 1919లో మహారాజు పూసపాటి విజయరామ గజపతి సంగీత పాఠశాల పెట్టారు. సంస్థానంలో పనిచేసే ఒకాయన, చూపులేని తన కొడుకు సంగీతం నేర్చుకోవడానికి దారి చూపమని అడిగితే, ఒక పిల్లాడి కోసం తలపెట్టింది అందరికీ పాఠశాల అయిందని ఊళ్ళో పెద్దలు చెప్తారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ఆ భవనం ముందు నుంచి వెళ్తుంటే సాయంత్రం పూట లోపల్నుంచి సరళీ స్వరాలు వినిపిస్తాయి. ఒకే వరస, మళ్ళీ మళ్ళీ, తప్పి, సర్దుకుని, మళ్ళీ. నాకు చిన్నప్పుడు ఆ తప్పుల మీదే ధ్యాస ఉండేది. ఎవరో లోపల తప్పుతూనే ఉన్నారు, మానెయ్యమని మాత్రం ఎవరూ అనడం లేదు.

ఆ పాఠశాలకు పేరు తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటినుంచీ చూపు మందం. బడి చదువు ముందుకు సాగలేదు. అన్నగారు ఫిడేలు నేర్పారు. పాఠశాల పెట్టిన ఏడాదే, ఇరవయ్యారేళ్ళ వయసులో అక్కడ విద్యార్థిగా చేరదామని వస్తే, వాయింపు విని విద్యార్థిగా కాదు, నేర్పే ఆచార్యుడిగానే తీసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నారాయణదాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాలూ ఆయనే అయ్యారు. ఆ రోజుల్లో ఫిడేలు అంటే పక్కవాద్యం. గాయకుడు పాడింది అందుకోవాలి, ఆయన విడిచిపెట్టిన చోట కాస్త మెరవాలి, ఆయన మొదలుపెట్టగానే తగ్గాలి. ఫిడేలు వేదిక మధ్యలో కూర్చుని తనంత తాను కచేరీ నడపడం అలవాటులో లేని సంగతి. 1938లో వేలూరులో నాయుడు గారు ఆ పని చేశారు. పొడుగ్గా లాగే ఆయన కమాను కింద ఫిడేలు మనిషి గొంతులా పాడిందని విన్నవాళ్ళు రాసుకున్నారు. ఫిడేలుకి ఆ హక్కు ఉందా లేదా అన్న చర్చలో ఆయన గెలిచారో లేదో గాని, చర్చ అవసరం లేకుండా పోయింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

ఇదే పాఠశాల కోసం ఇంకో పిల్లాడు వచ్చాడు. కృష్ణా జిల్లా వాడు, తండ్రి చిన్నతనంలోనే పోయాడు. పాట నేర్పుతారని గురువుల ఇళ్ళలో చాకిరీ చేశాడు. చేతి ఉంగరం అమ్ముకుని రైలెక్కి విజయనగరం చేరేసరికి పాఠశాలకు వేసవి సెలవులు. తలదాచుకునే చోటు లేక గుడిలో పడుకున్నాడు. జోలె కట్టుకుని ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తుకుని తిన్నాడు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారి ఈ కథ తెలుగువాళ్ళకి కొత్త కాదు. కాని నేను ఆ వీధుల్లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, ఈ కథలో నాకు ఘంటసాల కన్నా ముందు ఆ తలుపులు కనిపిస్తాయి.

ఒక పడుచుకుర్రాడు, కాళ్ళూ చేతులూ నిక్షేపంగా ఉన్నవాడు, మిట్టమధ్యాహ్నం జోలె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఊరు ఏమని ఉంటుంది? ఏదైనా పని చేసుకోరాదా అని ఉంటుంది. పాటలు కూడు పెడతాయా అని ఉంటుంది. అన్నవాళ్ళు అని ఉంటారు. జోలెలో మాత్రం అన్నం పడింది. రోజూ పడింది. మాట అన్న నోళ్ళూ, ముద్ద పెట్టిన చేతులూ ఆ వీధివే. ఒక్కోసారి రెండూ ఒకే మనిషివి అయి ఉంటాయని నా నమ్మకం, ఎందుకంటే అలాంటి మనుషుల మధ్యే నేను బతికాను. ఫీజు కట్టిన మావయ్యే కదా "నీకెందుకమ్మా" అన్నది. లోకం ఏమంటుందో అని మనం భయపడుతున్నప్పుడు లోకం మొత్తానికీ ఒకే ముఖం తగిలిస్తాం. దానికి తలుపుకో ముఖం ఉంటుంది. తిట్టి పెట్టేవాళ్ళుంటారు, పొగిడి తలుపేసుకునేవాళ్ళూ ఉంటారు.

ఆ కుర్రాణ్ణి చేరదీసి, పైసా తీసుకోకుండా సంగీతం చెప్పినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. పాఠం చెప్పే గురువు అడిగేవి వేరే ప్రశ్నలు. షడ్జం నిలబడిందా, గమకం ఎందుకు తొందరపడింది, సాహిత్యంలో ఆ మాట ఎక్కడ విరిచావు? అలాంటి ప్రశ్నల కింద కొన్నేళ్ళు కూర్చున్న గొంతు తర్వాత మూడు దశాబ్దాల పాటు తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎలా మోగిందో వేరే చెప్పక్కర్లేదు. గురువుగారి కొడుకు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఘంటసాల పక్కన హార్మోనియంతో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నాకూ అలాంటి మనిషి ఒకరు దొరికారు. మా వీధి చివర ఉండే తెలుగు మాస్టారు, రిటైరై చాలా కాలమైంది. కథ రాసి తీసుకెళ్తే బాగుందనీ బాగాలేదనీ అనరు. పెన్సిలు పట్టుకుని చదువుతారు. ఒకసారి ఒక ముసలావిడ కథ ఇచ్చాను. ఆవిడ చెంబుతో పాలు పట్టుకుని కూతురింటికి బయల్దేరుతుంది. వీధి మలుపులో మనవడు పరుగెత్తుకుంటూ వస్తాడు, రెండు చేతులా ఎత్తుకుంటుంది. అక్కణ్ణుంచి కూతురి కష్టాలు, ఏడుపులు, ఆఖర్న ఆవిడ కన్నీళ్ళు. మాస్టారు రెండో పేజీలో ఒక్క చోట సున్నా చుట్టారు.

"రెండు చేతులా ఎత్తుకుంది సరే. చెంబు ఎక్కడ పెట్టిందమ్మా?"

"పక్కనెక్కడో పెట్టి ఉంటుంది మాస్టారూ."

"ఎక్కడో అంటే? నేల మీదా, అరుగు మీదా? అరుగైతే ఎవరి అరుగు?"

ఇంటికొచ్చి ఆ వీధిని మనసులో మళ్ళీ నడిచాను. మలుపులో అరుగు ఉన్న ఇల్లు ఒక్కటే, ఆవిడ తోడికోడలిది. పొలం గట్టు తగాదాతో ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. మనవడి కోసం ఆ అరుగు మీద చెంబు పెట్టాలి. పెట్టాక దాని కోసం మళ్ళీ అక్కడికి వెళ్ళాలి. కథ అక్కడ ఉంది. కూతురి కష్టాలు వెనక్కి వెళ్ళిపోయాయి, ఏడుపు అవసరమే లేకపోయింది. చెంబు ఎక్కడ పెట్టిందని అడగడానికి మాస్టారికి నా తీరికతో పని లేదు, మా ఆయన అనుమతితో పని లేదు, నేను ఎవరినన్నదానితోనూ పని లేదు. ఆయన అనుమానం పని మీద. అలాంటి అనుమానం ఎంత గట్టిగా తగిలినా మనిషి చిన్నబోదు, నా అనుభవంలో అయితే రాత్రికి రాత్రి కూర్చుని రాయబుద్ధి వేస్తుంది.

కళ మీద ఆశ ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు "ఎవరి మాటా వినకు, నీ దారిన నువ్వు పో" అనేవాళ్ళతో అందుకే నేను ఏకీభవించను. వినకూడని మాటలతో పాటు వినవలసిన మాటలూ ఆ ఊపులో కొట్టుకుపోతాయి. "నీకెందుకు" అన్నవాడికీ, "చెంబెక్కడ" అన్నవాడికీ ఒకేలా చెవులు మూసుకున్న కుర్రాడు మొండివాడవుతాడు గాని పనివాడు కాలేడు.

మళ్ళీ ఆ తీరిక అన్న ప్రశ్న దగ్గరికి వస్తాను, ఆడవాళ్ళని ఎక్కువ వేధించేది అదే గనక. భండారు అచ్చమాంబ గారు 1874లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు, చిన్నతనంలోనే పెళ్ళీ అయింది. బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నారు. కన్నబిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంతోనే పుస్తకాలు వెతికించుకుని, చదివి, స్త్రీల చరిత్రలు కూర్చి 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల తెచ్చారు. 1902లో హిందూసుందరి పత్రికలో ఆవిడ రాసిన ధనత్రయోదశి అచ్చయింది. మరో మూడేళ్ళకే, నిండు యౌవనంలో పోయారు. గురజాడ అప్పారావు గారి దిద్దుబాటు వచ్చింది 1910లో. తొలి తెలుగు కథ ఏదంటే దశాబ్దాల పాటు దిద్దుబాటు పేరే చెప్పారు. గురజాడ మా ఊరి మనిషి, ఆయన ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అయినా ఎనిమిదేళ్ళ ముందు ఒక ఆడమనిషి రాసిన కథను అంతకాలం లెక్కలోకి తీసుకోకపోవడం నాకు బాధే. ఆవిడను ఎవరెవరు ఏమన్నారో ఏం మిగల్లేదు. కథ మిగిలింది, పరిశోధకులు వెతికితే దొరికింది.

అనుమానం సామాన్యుల నుంచే వస్తుందనుకోవడానికీ లేదు. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో పద్దెనిమిదో శతాబ్దంలో దేవదాసి కులంలో పుట్టిన ముద్దుపళని తెలుగులో రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం రాసింది. కందుకూరి వీరేశలింగం గారంతటివారు ఆ కావ్యాన్ని అసహ్యమని ఈసడించారు. వితంతువుల కోసం ఊరంతటినీ ఎదిరించిన మనిషి ఆయన, నా కళ్ళలో ఎన్నటికీ తగ్గరు. కాని ఈ ఒక్క విషయంలో ఆయన చూసింది ముద్దుపళని కులాన్ని, కావ్యాన్ని కాదు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఊరుకోలేదు. మూలప్రతి వెతికి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించారు. సిగ్గూ లజ్జా ఆడవాళ్ళ రాతలకేనా, మగవాళ్ళ శృంగారానికి వర్తించవా అని పీఠికలోనే నిలదీశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. అన్నేళ్ళూ ఆవిడ దాని గురించి కుమిలిపోతూ కూర్చోలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని తెలిసి, పాటతో సంపాదించుకున్న సొమ్ము పోసి గుడి కట్టించారు. ఆ గుడి దగ్గర జరిగే ఆరాధనలో ఆడవాళ్ళు పాడడానికి వీల్లేదన్నారు. 1927 నుంచి ఆడవాళ్ళను పోగుచేసి, సమాధికి వెనక వైపున వేరే ఆరాధన నడిపారు. పోటీగా కొంతకాలం నడిచిన బృందాలు 1941 నాటికి ఒక్కటయ్యాయి, ఆడవాళ్ళూ అందరితో పాటు కూర్చున్నారు. ఇప్పుడు జనవరిలో అక్కడ పంచరత్నాలు పాడే వందలమందిలో ఆడవాళ్ళు లేని వరస లేదు.

ఇక కూటి సంగతి. కోటి విద్యలూ కూటి కొరకే అన్న సామెతను మన ఇళ్ళలో కళ మీద ప్రయోగించినంతగా ఇంకదేని మీదా ప్రయోగించరు. అది అబద్ధమని నేను అనను. మావయ్య చిన్నాన్న ఇంట్లో పొయ్యి వెలగని రోజులున్నాయని నాకు తెలుసు. అందుకే ఉద్యోగం వదిలేస్తేనే నిజమైన కళాకారుడు అనే మాట నాకు నచ్చదు. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు శంకరశాస్త్రిగా కనిపించిన జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరు. వయసు యాభై దాటింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి కన్యాశుల్కం ఆడారు, తమ్ముడు గిరీశం, అన్న రామప్పపంతులు. పగలు ఫైళ్ళు చూసినంత మాత్రాన ఆ రామప్పపంతులికి ఏ లోటూ రాలేదు. నా మటుకు నాకు నెల జీతం ఇచ్చిన స్వేచ్ఛ ఇంకేదీ ఇవ్వలేదు. పత్రికకి నచ్చేలా ముగింపు మార్చమంటే మార్చనని చెప్పగలిగాను. ఇంటి అద్దె ఆ కథ మీద ఆధారపడి ఉంటే చెప్పగలిగేదాన్నా అంటే, ఆ ధైర్యం అందరికీ ఉండాలని ఆశించడం తప్పు.

మా శాఖలో కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాడు ఒకడు ఫోనుతో చిన్న సినిమాలు తీస్తాడు. సచివాలయం ఉద్యోగానికి చదువుకోరా అని వాళ్ళ నాన్న పోరు. చదువుతూనే ఉన్నాడు, తీస్తూనే ఉన్నాడు. మొన్న భోజనాల వేళ ఆరేడు నిమిషాల సినిమా చూపించాడు. పల్లెలో బస్సు కోసం ఎదురుచూసే తాత. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోతుంది. దిగవలసినవాళ్ళు దిగరు. బస్సు వెళ్ళాక కూడా కెమెరా దుమ్ము రోడ్డు మీదే ఉండిపోయింది. పక్కనున్నవాళ్ళు "బాగుందిరా, కాని పరీక్ష ఎప్పుడు?" అన్నారు.

"బస్సు వెళ్ళిపోయాక అంతసేపు రోడ్డు ఎందుకు చూపించావు?" అని అడిగాను.

వాడి ముఖం మారిపోయింది. టిఫిను డబ్బా మూతపెట్టి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "అది తాత చూపు మేడమ్. దుమ్ము అణిగాక అవతలివైపు ఎవరైనా నిలబడి ఉంటారేమోనని చూస్తాడు."

"మరి అంత దుమ్ములో నిలబడ్డ తాత మీసం మీద, కండువా మీద దుమ్ము లేదేం?"

ఫోను తీసి ఆ చోట మళ్ళీ చూశాడు, వెనక్కి జరిపి ఇంకోసారి చూశాడు. నిన్న వచ్చి చెప్పాడు, ఆదివారం పొద్దున్నే రామతీర్థం దారిలో అదే బస్టాపు దగ్గర మళ్ళీ తీస్తున్నామని. ముందు వేసిన పెద్దాయన ఊళ్ళో లేడట. తాత వేషానికి వాళ్ళ నాన్నే ఒప్పుకున్నాడట. రెండో బస్సు ఏడింటికి, ఆలోపే రమ్మన్నాడు. వెళ్తున్నాను.